ఈల బాబాయి పెట్టె

కూతురు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రాదు, బయటికి పోదు. ఆ వాలకం చూడగానే తల్లి బియ్యం చెరగడం ఆపేసింది. చేతిలో ఉన్న చేట కింద పెట్టేలోపే ఆమె మనసు ఊరంతా తిరిగి రానే వచ్చింది. పరీక్ష తప్పింది. కాదు, బస్సులో ఎవడో ఏదో అన్నాడు. కాదు, ఎవణ్ణో ఇష్టపడింది, వాడు కాదన్నాడు. లేదా వాడు సరేనన్నాడు, అది ఇంకా పెద్ద గొడవ.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె ఆ మాటలో మొదటి సగం దగ్గరే ఆగిపోయిన మనిషి. పొద్దున్నే పనికి బయల్దేరి, వీధి మలుపు దాకా పోయి, స్టవ్ ఆర్పానో లేదో అని వెనక్కొచ్చేది. చూసుకుని మళ్లీ పోయి, ఇంతకీ తాళం వేశానా అని ఇంకోసారి వచ్చేది. "మీ అమ్మ పొయ్యి వెలిగించకముందే ఇల్లంటుకుందని బకెట్టు పట్టుకుని నిలబడే రకం" అని భర్త కూతురితో చెప్పి నవ్వేవాడు. నవ్వే ఓపిక ఉన్న రోజుల్లో.

"ఏమైందే?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఆ మొహం ఎవరిది?"

"నాన్న పడుకున్నాడా?" అంది కూతురు. లోపలి గదిలోకి తొంగి చూసి, తల్లి చెయ్యి పట్టుకుని పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గరికి లాక్కుపోయింది. అక్కడ, గొంతు తగ్గించి అడిగింది.

"ఈల బాబాయి పోయాడా అమ్మా?"

తల్లి ఎంచిన కీడుల్లో అది లేదు.

ఆ వీధిలో మగవాళ్లంతా రాళ్ల షెడ్డులో పనిచేసినవాళ్లే. వంటింటి గట్ల మీద పరిచే రాతిపలకల్ని కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, మొహం కనపడేదాకా నునుపు పెట్టే పని. మిషన్ల రొదలో ఎవరు పిలిచినా వినపడదు. లేచే తెల్లటి పొడిలో మొహాలు ఆనవు. అందరూ పిండిలో ముంచి తీసినట్టు ఒక్కలాగే ఉంటారు. అందుకని మిషన్లు ఆపిన కాసేపట్లో ఒకరినొకరు దగ్గును బట్టి పోల్చుకునేవాళ్లు. ఆ అలవాటు షెడ్డులోంచి వీధిలోకి, వీధిలోంచి ఇళ్లల్లోకి వచ్చేసింది. తలుపు తీయకుండానే ఆడవాళ్లు "రంపం అన్నయ్య పోతున్నాడు" అనేవాళ్లు. రంపానిది ముందుకీ వెనక్కీ కోస్తున్నట్టుండే దగ్గు. కోడిపుంజు అని ఇంకొకాయన, ఆయన దగ్గి దగ్గి చివర్న కూత పెట్టేవాడు. ఇంటాయనది తలుపు తట్టినట్టు మూడు పొడి దగ్గులు, కాస్త ఆగి, ఒక పెద్దది. ఆ పెద్దది వచ్చేలోపు వేడినీళ్ల గ్లాసు ఆయన చేతిలో ఉండాలి. తల్లి గానీ కూతురు గానీ ఆలోచించి లేచేవాళ్లు కాదు. మూడోది వినపడేసరికి కాళ్లే లేచేవి.

ఈల బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. దగ్గాక ఊపిరి లోపలికి తీసుకుంటే సన్నగా ఈల వినపడేది. ఆయనా ఇంటాయనా ఒకే రోజు షెడ్డులో చేరారు, పక్కపక్క మిషన్ల మీద నిలబడ్డారు, ఊపిరితిత్తుల ఆస్పత్రికి కూడా ఒకరి భుజం ఒకరు పట్టుకునే వెళ్లారు. "నువ్వు దరువెయ్యరా, నేను ఈలేస్తాను, ఇద్దరం బ్యాండు మేళం పెడదాం" అని ఆస్పత్రి వరండాలో అన్నాడోసారి. బల్ల మీదున్న రోగులంతా నవ్వారు, నవ్వితే అందరికీ దగ్గొచ్చింది, నర్సు వచ్చి తిట్టింది. రాళ్ల షెడ్డు వాళ్ల ఊపిర్లు పట్టుకోవడానికి మైకుతో తిరుగుతున్న ఒకావిడ నిరుడు ఆ వరండాలోనే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి రికార్డు చేసుకుంది.

తర్వాత ఈల బాబాయి భార్యని వెంటబెట్టుకుని తన పెద్ద కూతురు ఉండే ఊరు వెళ్లాడు, అక్కడ మంచి డాక్టరున్నాడని. కొన్నాళ్లకే పోయాడు. కబురు తల్లి ఫోన్‌కి వచ్చింది, ఆమె పనిచేసే లాండ్రీలో. ఏడ్చి, మొహం కడుక్కుని, చెప్పేద్దామనే ఇంటికొచ్చింది. అప్పటికి ఇంటాయన రెండు పూటలుగా ముద్ద ముట్టలేదు, మాత్రలు తోసేశాడు. ఆమెని చూసి అడిగిన మొదటి మాట "వాడి కబురేమైనా తెలిసిందా?" అని. "వాడికి తగ్గితే నాకూ తగ్గుతుందే. ఇద్దరం మింగింది ఒకే పొడి, వేసుకునేది ఒకే మందు."

ఆమె నోరు తెరిచింది. "లేచి తిరుగుతున్నాడట" అన్నది ఆ నోరు.

ఆ పూట ఆయన కంచం ఖాళీ చేశాడు.

ఇక అక్కణ్ణుంచి ఆమెకి అదో పనైపోయింది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఈల బాబాయి గుమ్మం దాకా నడిచాడు. మెట్లు దిగాడు. మనవరాలికి ఈల వెయ్యడం నేర్పుతున్నాడు. మాత్రలు మాత్రం ఒక్కటి కూడా మానడం లేదు. మరి ఫోన్లో మాట్లాడడేం అంటే, మాట్లాడితే ఊపిరి వృథా అని డాక్టర్లు వద్దన్నారు. ఆ మాట విని ఇంటాయన కూడా మాటలు తగ్గించుకున్నాడు, అవతలివాడు అంత బుద్ధిగా ఉంటే తను ఉండలేడా అని. లోకంలో అన్నిటికీ కీడెంచే మనిషి, ఈ ఒక్క విషయంలో మేలు తప్ప ఎంచలేదు. ఎంచడానికి కీడు మిగల్లేదు మరి, జరిగిపోయింది.

"నీకెవరు చెప్పారు?" అంది ఇప్పుడు, బండ మీద కూలబడి.

కూతురు చెప్పింది. కాలేజీ వాళ్లు ఏదో ప్రదర్శనకి తీసుకెళ్లారు. పాత గోడౌనుకి సున్నం వేసి గదులు చేశారు. సమాజంలో ఉన్న బాధలన్నీ బొమ్మలుగా పెట్టారట. ఒక గదిలో ఖాళీ అయిన ఇళ్ల తాళంచెవులు గుట్టగా పోశారు. ఇంకో గదిలో నది నీళ్లు సీసాల్లో, ఒక్కో ఏడు నీళ్లు ఒక్కో రంగులో. చివర్న చీకటి గది. "లోపల కూర్చోండి, వినండి, బయటికొచ్చాక మీకు ఏమనిపించిందో అది చెప్పండి, ఇందులో తప్పూ ఒప్పూ లేదు" అంది టీచరు. పైనుంచి చెక్కపెట్టెలు వేలాడుతున్నాయి, ఒక్కో పెట్టెలోంచి ఒక్కో మనిషి ఊపిరి.

"నేను ఏం గదో కూడా చూసుకోలేదమ్మా. కాళ్లు నొప్పెడుతుంటే కూర్చున్నాను. ఇంతలో టక్, టక్, టక్ అని వినపడింది. లేచాను. 'వస్తున్నా నాన్నా, నీళ్లు కాగాయి' అన్నాను."

"పైకే?"

"పైకే. గట్టిగా. అందరూ నవ్వారు. వంటింటి వైపనుకుని పోయి గోడకి కొట్టుకున్నాను."

నుదుటి మీద బొప్పి చూపించింది. తల్లి చెయ్యి అప్పటికే అక్కడికి పోయింది.

"తర్వాత కూర్చుని విన్నాను. రంపం మావయ్య ఉన్నాడు, కోడిపుంజు తాత ఉన్నాడు. ఈల మాత్రం లేదు. నాన్ననీ బాబాయినీ కలిపే కదా ఆస్పత్రిలో ఆ మైకు ఆవిడ రికార్డు చేసింది? కాపలా ఆయన్ని అడిగాను. మనిషి పోతే ఆ పెట్టె ఆపేస్తారట. అందులో విషయమే అదట."

"ఆపేయడమేంటే! అదేం విషయం?"

"టీచరు నన్ను పట్టుకుని ఏడ్చింది. క్లాసందరిలోకీ నీదే నిజమైన స్పందన అంది. ఆఖరి రోజున పెద్దవాళ్లంతా వస్తారు, వాళ్ల ముందు చెప్పమంది. నేనేం స్పందించానమ్మా? నీళ్లివ్వడానికి లేచాను, అంతే." బొప్పి మీంచి తల్లి చెయ్యి తీసేసి, "బాబాయి సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నీ చదువు పాడవుతుందని."

"నా చదువే చెప్పింది, చూశావా?"

తల్లి ఇంటి వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. "మీ నాన్నకి తెలియనివ్వకు" అంది. "తెలిస్తే ఆ పిడికెడు తిండీ మానేస్తాడు. ఆ పైన ఇక ఎన్నాళ్లే?" లోపల ఆయన దగ్గుతుంటే ఇద్దరూ ఒక్కసారే లేచారు.

కానీ విధి చెవులు పెరటి గోడకే ఉంటాయి. మర్నాడు ఆమె లాండ్రీ నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది.

"మైకు పిల్ల ఫోన్ చేసిందే! ఆఖరి రోజు మన్ని రమ్మంది. కారు పంపిస్తుందట, కారు!"

"ఎందుకండీ ఇప్పుడు. వాన పట్టేలా ఉంది."

"ఎండ మాడ్చేస్తుంటే వానేంటి?"

"బయటంతా జ్వరాలట. మా లాండ్రీలో ఇద్దరు మానేశారు."

"నువ్వు చెప్పే జబ్బులన్నీ ఉంటే ఈపాటికి ఊళ్లో మనమే మిగలాలి." ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "జనం కూర్చుని నా ఊపిరి వింటున్నారటే. ఇంట్లో మీకు దాని విలువ తెలియట్లేదు గానీ." మళ్లీ ఆగాడు. "ఈలోడిది కూడా ఉంటుందక్కడ. వాడితో మాట్లాడొద్దన్నారాయె. కనీసం వాడి దగ్గయినా వింటాను. ఎన్నాళ్లయింది విని."

ఆమె వంటింట్లోకి పోయి, ఏ పనీ లేకపోయినా కుళాయి తిప్పి నిలబడింది.

కూతుర్ని బతిమాలింది. "ఆ ఒక్క పూట ఆ పెట్టె పలికించమని అడగవే. నీ మాట వింటారు. నువ్వు వాళ్లకి కావాలిగా." కూతురు వెళ్లి అడిగి, నల్లబడిన మొహంతో తిరిగొచ్చింది. మైకు ఆవిడ చాలా బాధపడిందట, చేతులు పట్టుకుందట. కానీ పోయిన మనిషిని పలికిస్తే ఇదంతా అబద్ధమైపోతుంది, ఆ మనుషులకే అన్యాయం చేసినట్టవుతుంది అందట.

"ఆవిడ నిజానికి మా ఆయనే దొరికాడా?" అంది తల్లి. "నువ్వయినా ఆరోజు రాకు. ఒంట్లో బాలేదని చెప్పు. నువ్వు లేకపోతే ఆయనా రానంటాడు."

"నేను అబద్ధాలు చెప్పలేనమ్మా. చెప్తే నీలాగే చెప్తూనే ఉండాలి."

అయితే తనే ముందుగా ఆయనకి చెప్పేయాలనుకుంది తల్లి. అనుకుని ఆయన ముందు కూర్చున్న ప్రతిసారీ ఆయన తింటున్నాడు. పెట్టిందంతా తింటున్నాడు. అక్కడ మెట్లున్నాయేమో, ఓపిక కావాలి కదా అని అడిగి మరీ పెట్టించుకుంటున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటున్న మనిషికి ఆ మాట ఎలా చెప్తుంది? తిన్నాక చెబుదామంటే మాత్రలు వేసుకునేవాడు. వేసుకున్నాక నిద్రపోయేవాడు. చీకట్లో ఎవరి దగ్గు ఎవరిదో ఏం తెలుస్తుందిలే, ఆయన మర్చిపోతాడేమోలే అని తనకి తనే నచ్చజెప్పుకుంది. దగ్గును బట్టి వీధంతా పోల్చుకునే మనిషి గురించి అలా అనుకుంది.

ఆ రోజు ఆయన గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చొక్కా లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుంది. గోడౌను ముందు కారు దిగాక, గుమ్మం దాకా నడవడానికే రెండుసార్లు ఆగారు. కూతుర్ని టీచరు హాల్లో కుర్చీల దగ్గరికి తీసుకుపోయింది, మాట్లాడాల్సినవాళ్లంతా ముందు వరసలో ఉండాలని. వీళ్లిద్దర్నీ కాపలా ఆయన నల్ల తెర ఎత్తి లోపలికి పంపాడు.

చీకటంటే చీకటి. ఎవరో జరిగి బల్ల మీద చోటిచ్చారు. కళ్లు అలవాటయ్యాక, నేల మీదా బల్లల మీదా కళ్లు మూసుకుని కూర్చున్న మనుషులు నీడల్లా తెలిశారు. పైనుంచి ఊపిర్లు వచ్చాయి. తిత్తి ఊదినట్టు ఒకటి, చిల్లుపడ్డ గొట్టంలా ఒకటి.

"అదిగో, రంపం!" అన్నాడాయన, ఆమె మోచెయ్యి పట్టుకుని.

"నెమ్మదిగా అండీ. వింటున్నారు."

"వినడానికేగా పిలిచారు. ఇదిగో, కోడిపుంజు. వీడి గొంతు పాడుగాను, ఇక్కడా కూస్తున్నాడు." నవ్వు ఆపుకున్నాడు. తర్వాత మూడు దగ్గులు, తలుపు తట్టినట్టు. ఒక పెద్దది. "నాదే! విన్నావా? ఎంత దమ్ముందో చూడు."

ఆయన చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, ఇది ఇక్కడితో అయిపోతే బాగుండును అనుకుంది. ఆయన మెడ సాచి వింటున్నాడు. ఊపిర్లు ఒక చుట్టు తిరిగి, మళ్లీ మొదటికి వచ్చాయి.

"ఈలోడేడీ?"

"వస్తుంది, ఉండండి."

"వాడిది నా పక్కనే ఉండాలే. పక్కపక్కనే కూర్చోబెట్టింది ఆ పిల్ల."

"ఇంత మందిలో మీకు వినపడలేదేమో."

"వాడిది నాకు వినపడకపోవడమేంటి?" అని, తెర దగ్గర నిలబడ్డ కాపలా మనిషిని పిలిచాడు. "బాబూ, ఈ మూల పెట్టెకి వైరు ఊడినట్టుంది. మావాడిది రావట్లేదు. కాస్త చూడు నాయనా."

కాపలా ఆయన మంచివాడే. వంగి, వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటే, వాళ్లకి చెప్పినంత మర్యాదగా చెప్పాడు. "ఊడలేదండీ. ఆ మనిషి పోయారు. పోయినవాళ్లది ఆపేస్తాం."

ఆమె చేతిలో చెయ్యి లేదు. ఎప్పుడు తీసుకున్నాడో తెలియలేదు.

"ఏమండీ" అంది. చీకట్లో ఆయన వైపు తిరగడానికి భయమేసి, ఒళ్లో ఉన్న ఫ్లాస్కు మూత తిప్పి, కప్పులో నీళ్లు పోసి పట్టుకుంది. పక్కన బల్ల కిర్రుమంది. లేచాడేమో అనుకుంది, ఆ పెట్టె దగ్గరికి వెళ్తున్నాడేమో అనుకుంది. అంతలో టక్, టక్, టక్. ఆమె కాళ్లు లేచాయి. ఆ దగ్గు వైపు, మనుషుల మోకాళ్లకి తగులుకుంటూ, రెండు చేతులా కప్పు పట్టుకుని వెళ్లింది. ఎవరో ఒకమ్మాయి కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. పెద్ద దగ్గు రాబోతోంది. "ఇదిగో, తాగండి" అని చెయ్యి చాపింది.

కప్పు చెక్కకి తగిలింది. వేడినీళ్లు ఆమె మణికట్టు మీదుగా మోచేతిదాకా పారాయి. ఎదురుగా మనిషి లేడు. పెట్టె ఉంది, ఊగుతోంది. దాంట్లోంచి పెద్ద దగ్గు నిండుగా, బలంగా వచ్చింది. నిరుడు ఆయనకున్న దమ్ము అది.

అప్పుడు వినపడింది వెనక నుంచి. తుప్పు రేకు మీద గోరు గీసినట్టు, సన్నగా, ఆగి ఆగి. అది ఇందాకటి నుంచీ వినపడుతూనే ఉంది. ఎవరో ముసలాయన, పాపం, అనుకుంది. వేళకి మందిస్తూ, వీపు రాస్తూ, ఆయన పక్కనే పడుకుంటూ కూడా ఆయన దగ్గు ఎప్పుడు ఇలా అయిందో ఆమె చెవికి ఎక్కలేదు. చుట్టూ జనం కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటున్నారు. ఒక్కరూ కదల్లేదు. అదీ పెట్టెల్లో ఒకటే అనుకున్నారు.

"లైటు వెయ్యండి!" తెర చీల్చుకుని వచ్చింది కూతురు. "లైటు వెయ్యండయ్యా! అది మా నాన్న!"

వెలుగొచ్చాక చూస్తే ఆయన బల్ల మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పలకని పెట్టె వైపు చూస్తున్నాయి. కూతురు ఆయన వీపు నిమిరి, ఫ్లాస్కులో మిగిలిన నీళ్లు కప్పులో పోసి అందించి, చెయ్యి భుజాన వేసుకుని లేపింది. హాల్లో జనమంతా లేచి నిలబడ్డారు. టీచరు కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చి, "వెళ్లే ముందు ఒక్క మాటైనా చెప్పమ్మా, ఏదైనా సరే, నీకేమనిపిస్తే అది" అంది.

"కారు ఎటుందండీ?" అంది కూతురు.

ఆ మాటకి కూడా వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోతే ఆపేశారు.

ఇంటికొచ్చాక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె తిట్లకి సిద్ధపడి కూర్చుంది. తిడితే బాగుండేది. కూతురు కంచంలో పెట్టి తెచ్చింది, అలాగే తీసుకుపోయింది. మాత్రలు తెచ్చింది. ఆయన చెయ్యి చాపలేదు.

"వేసుకోండి. మీకోసం కాకపోతే పిల్ల కోసం" అంది ఆమె.

"వాడూ వేసుకున్నాడుగా." గోడతో అన్నట్టు అన్నాడు. దుప్పటి మీదికి లాక్కుని, "ఎప్పుడు?" అన్నాడు.

చెప్పింది. ఆయన లోపల లెక్క చూసుకున్నట్టున్నాడు, ఈల నేర్చుకున్న మనవరాలూ, దిగిన మెట్లూ అన్నీ.

"నువ్వు వెళ్లావా, చూడ్డానికి?"

"లేదండీ. వెళ్తే మీకు తెలిసిపోతుందని."

"ఆఖర్న ఎలా ఉన్నాడు? ఇబ్బంది పడ్డాడా?"

ఆమె నోరు తెరిచింది. ఇన్నాళ్లూ ఆ మనిషి గురించి అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పిన నోరు. ఇప్పుడేమీ రాలేదు. ఆమెకి నిజంగానే తెలియదు. ఆ రోజు ఫోన్లో ఈల బాబాయి భార్య అదే చెప్పబోతే, వినలేక, ఇస్త్రీ పెట్టె కాలిపోతోందని చెప్పి పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు.

"తెలియదండీ."

"అయితే చెయ్యి ఫోను. అడుగు. నాక్కూడా వినిపించు."

"నాన్నా, వద్దు" అంది కూతురు.

"ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మంచిదమ్మా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అడ్రసు కనుక్కుంటున్నట్టు అడిగాడు.

ఆమె ఫోను తీసుకుని అలాగే పట్టుకుంటే, కూతురే లాక్కుని నంబరు నొక్కి, ఫోను మంచం మీద పెట్టింది. చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని ఆమె ఉన్న దేవుళ్లందరినీ తలుచుకుంది. ఎత్తారు.

"ఎవరూ? అక్కా, నువ్వా? ఇన్నాళ్లకి గుర్తొచ్చామా? పోయినప్పుడు ఒక్క మాటకి నోచుకోలేదు మీ ఇంటి నుంచి. బావగారికి ఎలా ఉంది?"

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి, చూపు తిప్పుకోలేకపోయింది.

"ఇక్కడే ఉన్నారు చెల్లీ, వింటున్నారు" అంది. "మరిదికి ఆఖరి రోజుల్లో ఎలా ఉందో చెప్పు. ఈయన అడుగుతున్నారు."

అవతల ఆవిడ ముక్కు చీదుకుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.